శనివారపు కూడిక

(రేడియో ప్రసంగ పాఠము)

ధ్యాన వాక్యభాగములు: ఫిలిప్పీయులకు 4:2, 3, అపొస్తలుల కార్యములు 18:1–3

ఈ సమయములో మీరు మీ ఇండ్లలో, పొలాలలో, పని స్థలములలో ఉండి ఈ మాటలు వింటున్నారు. మీలో కొందరు ఆసుపత్రి మంచం మీద ఉండి వింటున్నారని కూడా నాకు తెలుసు. దేవుడు మీకు తోడైయుండును గాక.

ఈ రోజు ఒక సహోదరి రాసిన ఉత్తరముతో ఆరంభిస్తాను. ఆమె పేరు, ఊరు చెప్పను. సంఘములో ఆమె, మరొక సహోదరి కలిసి ఇరవై రెండు సంవత్సరాలు స్త్రీల సమాజములో పరిచర్య చేశారు. ఇంటింటికీ తిరిగి పిడికెడు బియ్యము పోగుచేశారు. బాలింతలను పరామర్శించారు. మరణమైన ఇంట రాత్రంతా కూర్చొని పాటలు పాడారు. మూడు సంవత్సరాల క్రితం క్రిస్మస్ చీరల పంపకము విషయములో ఒక మాట వచ్చింది. ఆ మాట మీద మరో మాట వచ్చింది. నాటి నుండి ఒకరు గుడిలో కుడి ప్రక్కన కూర్చుంటే మరొకరు ఎడమ ప్రక్కన కూర్చుంటున్నారు. ఉత్తరము చివర ఆమె ఒక ప్రశ్న అడిగారు. "అయ్యగారూ, మేము పరిచర్య కోసమే కలుసుకున్నాము గాని వేరే పని మీద ఎన్నడూ కలుసుకోలేదు. ఆ పని పోగానే స్నేహము పోయింది. అసలు మా మధ్య ఉన్నది స్నేహమేనా?"

ఈ ప్రశ్న చదివిన తరువాత నేను చాలాసేపు ఆలోచనలో పడ్డాను. ఎందుకంటే ఇది ఆ సహోదరి ఒక్కతె ప్రశ్న కాదు. గాయకబృందములో, సండేస్కూలులో, యౌవనస్థుల కూడికలో, సంఘ కమిటీలో భుజము భుజము కలిపి పనిచేసి, తరువాత ముఖము తిప్పుకొని తిరుగుతున్న వారు మనలో ఎందరో ఉన్నారు. కాబట్టి పరిచర్యలో పుట్టిన స్నేహము ఎటువంటిది, అది దేనివలన నిలుస్తుంది, దేనివలన తెగుతుంది అనే సంగతిని ఈ దినము వాక్యపు వెలుగులో, సంఘ చరిత్ర వెలుగులో ఆలోచన చేద్దాము.

ఫిలిప్పీ సంఘములో యువొదియ, సుంటుకే అని ఇద్దరు స్త్రీలు ఉన్నారు. పరిశుద్ధ గ్రంథమంతటిలో వారి పేర్లు ఒకే ఒక్క చోట కనబడతాయి. ఆ చోటు కూడా వారి మధ్య వచ్చిన భేదాభిప్రాయము గురించి చెప్పే చోటే! వారికి గొడవ ఎందుకు వచ్చిందో పౌలుగారు రాయలేదు. ఎవరిది తప్పో రాయలేదు. ప్రభువునందు ఏకమనస్సు కలిగి ఉండమని ఇద్దరినీ విడివిడిగా, పేరు పెట్టి బతిమాలారు. ఆజ్ఞాపించగల అపొస్తలుడు బతిమాలుకుంటున్నారు, గమనించండి.

ఆ వెంటనే వారిని గురించి ఆయన ఒక సంగతి జ్ఞాపకము చేస్తున్నారు. ఈ ఇద్దరూ సువార్త పనిలో తనతో కూడ ప్రయాసపడినవారు అంటున్నారు. గ్రీకు మూలములో అక్కడ ఉన్న మాటకు పందెములో ఒకే పక్షమున నిలిచి పోరాడుట అని అర్థము. మన ఊరి కబడ్డీ ఆటను తలంచుకోండి. జట్టులో ఒకడు కూతకు వెళ్లినప్పుడు మిగిలినవారి ఊపిరి కూడా వానితోనే వెళుతుంది. అటువంటి సంబంధము ఆ ఇద్దరు స్త్రీల మధ్య ఉండేది. ఇంకొక మాట చూడండి. వారికి సహాయము చేయుమని పౌలుగారు ఒక "సహకారి"ని వేడుకున్నారు. అక్కడ మూలభాషలో ఉన్న మాటకు "ఒకే కాడి మోయువాడు" అని అర్థము.

కాడి అంటే ఏమిటో మన రైతు సహోదరులకు నేను చెప్పనవసరము లేదు. జోడెద్దులు ఒకదాని ముఖము ఒకటి చూచుకొనవు. రెండూ ముందున్న సాలునే చూస్తాయి. అయినా ఏండ్ల తరబడి ఒకే కాడి క్రింద నడిచిన ఎద్దులలో ఒకటి చనిపోతే రెండవది మేత ముట్టక నిలబడిపోవుట మన పెద్దలు చూశారు. లోకములో కొన్ని స్నేహములు ఎదురెదురుగా కూర్చొని మాట్లాడుకొనుట వలన పుడతాయి. అవి మంచివే. పరిచర్యలోని స్నేహమైతే ప్రక్కప్రక్కన నడుచుట వలన పుడుతుంది. "మనము స్నేహితులము" అని ఒకరితో ఒకరు ఎన్నడూ చెప్పుకొనకపోవచ్చు. అంతమాత్రాన అది స్నేహము కాకుండా పోదు.

పౌలుగారికి అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులతో ఉన్న స్నేహమును చూడండి. క్లౌదియ చక్రవర్తి యూదులను రోమా విడిచి పొమ్మని ఆజ్ఞాపించగా వారు కొరింథుకు వచ్చారు. పౌలుగారు కూడా ఆ ఊరికి కొత్తవారే. వారిని కలిపినది ఏమిటి? డేరాలు కుట్టే పని! ఒకే వృత్తివారు గనుక ఒకే ఇంట ఉండి కలిసి పనిచేశారు. పౌలుగారు కొరింథులో ఒక సంవత్సరము ఆరు నెలలు ఉన్నారు. తరువాత వారు ముగ్గురూ ఎఫెసుకు ప్రయాణమయ్యారు. ఆ దంపతులు తన ప్రాణము కొరకు తమ ప్రాణాలను అపాయమునకు ఒప్పుకున్నారని రోమా పత్రిక 16వ అధ్యాయములో పౌలుగారు సాక్ష్యమిచ్చారు. ఆఖరుకు మరణము దగ్గరపడిన వేళ తిమోతికి రాసిన రెండవ పత్రిక చివరి వచనములలో కూడా ఆ దంపతులకు వందనములు చెప్పమన్నారు. సూది, దారము, మేక వెంట్రుకల గుడ్డ దగ్గర ఆరంభమైన స్నేహము చెరసాల వరకు నిలిచింది.

ప్రియులారా, ఇది అపొస్తలుల కాలములోనే జరిగినది కాదు. మన దేశములో జరిగిన ఒక సంగతి చెబుతాను. దానికి మన తెలుగు భాషతో కూడా సంబంధము ఉంది.

కలకత్తాకు ఉత్తరమున హుగ్లీ నది ఒడ్డున సెరంపూర్ అనే పట్టణము ఉంది. బెంగాలీవారు శ్రీరాంపూర్ అంటారు. రెండు వందల సంవత్సరాల క్రితం అది డేన్మార్కు దేశస్థుల పాలనలో ఉండేది. ఈస్టిండియా కంపెనీవారు తమ భూభాగములో మిషనెరీలకు చోటివ్వలేదు గనుక 1799 అక్టోబరు 13న జాషువా మార్ష్‌మన్, విలియం వార్డు మొదలైనవారు ఓడ దిగి సెరంపూర్‌లో ఆశ్రయము పొందారు. అప్పటికి ఆరు సంవత్సరాలుగా బెంగాలులో కష్టపడుతున్న విలియం కేరీగారు 1800 జనవరి 10న వారి దగ్గరకు వచ్చి చేరారు.

ఈ ముగ్గురూ ఎవరు? కేరీగారు ఇంగ్లండులో చెప్పులు కుట్టి జీవించినవారు. మార్ష్‌మన్‌గారు నేతపనివాని కుమారుడు, బ్రిస్టలు పట్టణములో బడిపంతులు. వార్డుగారు వడ్రంగి కుమారుడు, అచ్చుపని నేర్చుకొని పత్రికలు నడిపినవారు. 1793లో కేరీగారు ఓడ ఎక్కకముందు వార్డుగారిని ఒకసారి కలిసి, బైబిలు అనువాదము పూర్తయిననాడు దానిని అచ్చువేయడానికి మీవంటివారు కావలసివస్తారు అని చెప్పారట. ఆ ఒక్క మాట ఆ యువకుని హృదయములో విత్తనము వలె నిలిచింది.

కలిసి వచ్చినవారందరూ నిలువలేదు. వచ్చిన నెల తిరుగకముందే గ్రాంట్ అనే సహోదరుడు జ్వరముతో చనిపోయారు. 1801 ముగిసేలోగా ఫౌంటెన్, బ్రన్స్‌డన్, థామస్ అనే మరి ముగ్గురు కూడా ప్రభువు నందు నిద్రించారు. మిగిలినది ఈ ముగ్గురు, వారి కుటుంబాలు. 1823లో వార్డుగారు మరణించే వరకు ఇరవై మూడు సంవత్సరాలు వీరు కలిసి పనిచేశారు. వారి తరువాత కేరీ, మార్ష్‌మన్ ఇద్దరూ ఇంకొక పదకొండు సంవత్సరాలు కలిసి ఉన్నారు.

స్వభావములో వీరు ఒకరికొకరు పోలిక లేనివారు. కొన్ని విషయాలలో అభిప్రాయాలు కూడా కలువలేదు. ఇతర సంఘాలకు చెందిన విశ్వాసులను ప్రభువు బల్లకు చేర్చుకోవాలా వద్దా అనే ప్రశ్న మీద వారిలో చాలా చర్చ జరిగింది. మరి అంతకాలము ఎట్లా నిలిచారు? నాకు నాలుగు సంగతులు కనబడుతున్నాయి.

మొదటిది, ఎవరి పని వారిది, అందరి సంచి ఒకటి. కేరీగారు అనువాదము చేశారు, వార్డుగారు అచ్చుయంత్రము నడిపారు, మార్ష్‌మన్ దంపతులు బడులు నడిపారు. జోడెద్దులలో దాపటిది దాపటే కట్టాలి, వెలపటిది వెలపటే కట్టాలి అంటారు మన రైతులు. ఒకరి చోటికి మరొకరు ఎగబడలేదు. 1801లో కేరీగారు కలకత్తాలోని ఫోర్టు విలియం కళాశాలలో ఉపాధ్యాయులయ్యారు. నెలకు 500 రూపాయల జీతము, ఆ దినములలో అది చాలా పెద్ద మొత్తము! బడుల మీద మార్ష్‌మన్‌గారికీ మంచి రాబడి ఉండేది. ఎవరూ అది నాది అనలేదు. కుటుంబ పోషణకు కొద్ది సొమ్ము ఉంచుకొని మిగిలినదంతా పరిచర్యకే వేశారు. సొంత వ్యాపారము ఎవరూ చేయకూడదని మొదటి నెలలోనే నియమము పెట్టుకున్నారు.

రెండవది, పెత్తనము వంతులవారీగా తిరిగింది. ఇంటి వ్యవహారాలు ఒక నెల ఒకరు చూస్తే మరుసటి నెల మరొకరు చూచేవారు. ప్రసంగము, ప్రార్థన కూడా వంతులే. మన సంఘాలలో ఎన్ని స్నేహములు తాళంచెవుల దగ్గర తెగిపోతున్నాయి! ఇరవై ఏండ్లు బీరువా తాళము ఒకరి కొంగుకే ఉంటే, రెండవవారికి ఎంత ప్రేమ ఉన్నా, ఏదో ఒక రోజున అది మనసులో ముల్లవుతుంది.

మూడవది, ఒకరి ఇంటి కష్టము మరొకరు మోశారు. కేరీగారి భార్య డొరొతి అమ్మగారికి మతిస్థిమితము తప్పింది. 1807లో మరణించే వరకు ఆమె బాగుపడలేదు. ఇంట్లో తల్లి ఆ స్థితిలో ఉండగా, తండ్రి రాత్రింబగళ్లు అనువాదములో ఉండగా, కుమారులు అదుపు తప్పారు. అప్పుడు వార్డుగారు, మార్ష్‌మన్‌గారి భార్య హన్నా అమ్మగారు ఆ పిల్లలను దగ్గరకు తీశారు. వారు ఆ పిల్లలను తమ వెంట ఉంచుకొని దిద్దారు. కేరీగారి పెద్ద కుమారుడు ఫెలిక్సు వార్డుగారి వెంట తిరిగి అచ్చుపని నేర్చుకొని, తరువాత బర్మా దేశములో మిషనెరీ అయ్యాడు. కేరీగారి అనువాదాలను గురించి మనము గొప్పగా చెప్పుకుంటాము. ఆ అనువాదాల వెనుక స్నేహితులు పెంచిన పిల్లలు ఉన్నారు.

నాలుగవది ఈ ప్రసంగమునకు ముఖ్యమైనది. 1800 జనవరిలో వారు పెట్టుకున్న నియమములలో ఒకటి ఇది. వారములో ఒక సాయంత్రము, శనివారపు సాయంత్రము, తమ మధ్య వచ్చిన భేదాలను సరిచేసుకొనుటకు, ఒకరినొకరు ప్రేమింతుమని మరల మాట ఇచ్చుకొనుటకు కేటాయించుకున్నారు. ఈ సంగతి వార్డుగారి దినచర్య పుస్తకములో ఉంది.

ఆలోచించండి, ప్రియులారా. వారు మంచివారు గనుక గొడవలు రావు అనుకోలేదు. గొడవలు వస్తాయి అని ముందే ఎరిగి, వాటికొక రోజు ఏర్పాటు చేశారు. బట్టలు మురికి అవుతాయని ఎరిగి మనము ఉతికే రోజు పెట్టుకోమా? అట్లే! సోమవారము నొచ్చిన మనసు శనివారము వరకే ఆగాలి. ఆదివారము ప్రభువు సన్నిధికి దానిని మోసుకొని పోకూడదు. బలిపీఠము దగ్గర అర్పణ విడిచి ముందు సహోదరునితో సమాధానపడమని మత్తయి 5వ అధ్యాయములో ప్రభువు చెప్పిన మాటను వారు వారపు క్రమముగా చేసుకున్నారు.

ఆ స్నేహమునకు పరీక్ష వచ్చింది. 1812 మార్చి 11న సాయంత్రము సెరంపూర్ అచ్చుశాలకు నిప్పు అంటుకుంది. కాగితాలు, అచ్చు అక్షరాలు, ఏండ్ల తరబడి రాసిన చేతివ్రాతలు కాలిపోయాయి. అందులో కేరీగారు తయారుచేసిన మన తెలుగు వ్యాకరణము కూడా ఉంది! ఆ రాత్రి కేరీగారు ఊరిలో లేరు, కలకత్తాలో ఉన్నారు. మరునాడు మార్ష్‌మన్‌గారు కబురు పంపి ఊరుకొనలేదు. తానే వెళ్లి, ఎదుట నిలబడి, ఆ వార్త చెప్పారు. ఈలోగా వార్డుగారు బూడిదలో వెదకి, అక్షరాలు పోతపోసే అచ్చులు చెడిపోకుండా ఉన్నట్టు కనుగొన్నారు. కరిగిపోయిన లోహమును ప్రోగుచేసి మరల అక్షరాలు పోత పోయించారు. కేరీగారు కూర్చొని పోయిన పుస్తకాలు మళ్లీ రాయడం మొదలుపెట్టారు. తెలుగు వ్యాకరణము 1814లో వెలువడింది. 1818లో తెలుగు క్రొత్త నిబంధన సెరంపూర్‌లో అచ్చయింది.

ఇక్కడ మరొక జత స్నేహితులను కూడా జ్ఞాపకము చేసుకోవాలి. 1805లో విశాఖపట్టణానికి జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ అనే ఇద్దరు లండన్ మిషనువారు వచ్చారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ విశ్వాసి వారితో కలిశాడు. వారు కలిసి సువార్తలను తెలుగులోనికి తేవడానికి కూర్చున్నారు. 1809లో క్రాన్‌గారు మరణించారు. 1810లో డెగ్రాంజ్‌గారు మరణించారు. వచ్చిన ఐదేండ్లలో ఇద్దరూ మట్టిలో కలిసిపోయారు. కాని మత్తయి, మార్కు, లూకా సువార్తల తెలుగు ప్రతి మిగిలింది. దానిని అచ్చువేసినది సెరంపూర్‌లోని ఈ స్నేహితులే. ఒక జత స్నేహితులు మోయలేక దింపిన భారమును మరొక జత ఎత్తుకున్నారు. నేడు మన తెలుగు పాస్టర్లలో అనేకులు పొందే బి.డి. పట్టా మీద సెరంపూర్ అనే పేరు ఉంటుంది. 1818లో ఈ ముగ్గురు స్థాపించిన కళాశాల పేరే అది.

వార్డుగారు 1823 మార్చి 7న కలరా వలన మరణించారు. ఆ ముందు రోజు వరకు ఆయన పనిలోనే ఉన్నారు. కేరీగారు 1834 జూన్ 9న, మార్ష్‌మన్‌గారు 1837 డిసెంబరులో నిద్రించారు. ముగ్గురి సమాధులూ సెరంపూర్‌లోని మిషను స్మశానవాటికలోనే ఉన్నాయి.

ఇంతవరకు చెప్పి ఆపితే నేను మీకు సగమే చెప్పినవాడనౌతాను. ఈ ముగ్గురి మధ్య ప్రేమ చెడలేదు గాని, తరువాత ఇంగ్లండు నుండి వచ్చిన యువ మిషనెరీలతో వారికి పొసగలేదు. ఆ యువకులు విడిపోయి కలకత్తాలో వేరే పని పెట్టుకున్నారు. ఇంగ్లండులోని సొసైటీతోనూ తగవు ముదిరి 1827లో సంబంధము తెగిపోయింది. మార్ష్‌మన్‌గారి మీద చాలా నిందలు వచ్చాయి. కేరీగారు మాత్రము తన స్నేహితుని ప్రక్కనే నిలబడ్డారు. అది మెచ్చుకొనదగినదే. కాని ఒక హెచ్చరిక కూడా ఇందులో ఉంది. పాత స్నేహితుల వలయము ఎంత గట్టిగా ఉంటే, కొత్తగా వచ్చినవారికి అందులో చోటు దొరకడం అంత కష్టము. మన గాయకబృందాలలోను, కమిటీలలోను ఇదే జరుగుతోంది కదా! "మేము మొదటి నుండీ ఉన్నాము" అనే మాట ఎందరు యౌవనస్థులను గుడి గుమ్మము దాటించి బయటికి పంపింది!

అలాగే పనిలో కలుపుకొని, మనసులో కలుపుకొనని వారు కూడా ఉంటారు. 1910 జూన్‌లో స్కాట్లాండు దేశపు ఎడింబరో పట్టణములో జరిగిన ప్రపంచ మిషనెరీ మహాసభలో వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు లేచి ఈ సంగతే మాట్లాడారు. తిరునెల్వేలి ప్రాంతములో పుట్టిన తమిళుడు ఆయన. అప్పటికి ఒక సంవత్సరము క్రితమే మన డోర్నకల్‌కు సువార్త పని మీద వచ్చారు. మిషనెరీలు మా దేశ బీదలకు ఆస్తి ఇచ్చారు, తమ శరీరాలనే ధారపోశారు, అందుకు కృతజ్ఞులము, కాని మాకు స్నేహితులను కూడా ఇవ్వండి అని ఆయన వేడుకున్నారు. కలిసి పనిచేసే తెల్లవారు భారతీయ సేవకులను ఇంటికి పిలిచి భోజనము పెట్టుట కూడా అరుదైన దినములవి. ఆ మాటలు కొందరికి రుచించలేదు. అయితే అజరయ్యగారు స్నేహమంటే ఏమిటో ఎరుగక మాట్లాడలేదు. వై.ఎం.సి.ఎ. పనిలో షెర్వుడ్ ఎడ్డీ అనే అమెరికా దేశస్థునితో కలిసి తిరిగి, ఆయనతో నిజమైన స్నేహము చేసినవారు. తనకు దొరికినది అందరికీ దొరకాలని అడిగారు. 1912 డిసెంబరు 29న ఆయన డోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందారు. ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. 1945 జనవరి 1న మరణించే వరకు తెలుగువారి మధ్యనే జీవించారు.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పకుండా ఈ ప్రసంగము ముగించే అర్హత నాకు లేదు.

నేను యౌవనస్థునిగా ఉన్నప్పుడు నాకొక తోటి సేవకుడు ఉండేవాడు. నాకంటె మూడేండ్లు పెద్ద. అన్నా అని పిలిచేవాడను. మా ఇద్దరికీ ఒకే సైకిలు. ఆయన తొక్కితే నేను వెనుక పెట్రోమాక్స్ లైటు పట్టుకొని కూర్చునేవాడను. తిరుగు ప్రయాణములో నేను తొక్కేవాడను, ఆయన డోలక్ ఒళ్లో పెట్టుకునేవాడు. తొమ్మిదేండ్లు పల్లెలు తిరిగాము. ఒకసారి పాటల పుస్తకాలు అమ్మిన సొమ్ములో 340 రూపాయల లెక్క తేలలేదు. నేను ఆయనను విడిగా అడగవలసినది. కమిటీ ఎదుట అడిగాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. సంచి బల్ల మీద పెట్టి లేచి వెళ్లిపోయాడు. తరువాత ఎనిమిది సంవత్సరాలు మేము మాట్లాడుకొనలేదు. ఆ ఎనిమిదేండ్లూ నేను ప్రేమను గూర్చి ప్రసంగాలు చేశాను. ప్రభువు నన్ను క్షమించును గాక.

ఒక రోజు ఈ సెరంపూర్ చరిత్ర చదువుతూ శనివారపు కూడిక దగ్గర ఆగిపోయాను. ముందుకు చదువలేకపోయాను. ఆ వచ్చే శనివారము ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన వాకిట్లో కూర్చొని నులక మంచము అల్లుతున్నాడు. నన్ను చూచి తల దించుకున్నాడు. దారిలో నేను సిద్ధపరచుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. కొంతసేపటికి ఆయన నులక కొస నా వైపు చాచాడు. నేను పట్టుకొని లాగాను. ఆయన బిగించాడు. అరగంట మాటలేకుండా మంచము అల్లాము. "అన్నా, ఆ రోజు అందరిలో అడిగి తప్పు చేశాను" అన్నాను. ఆయన, "నేనూ ఇంటికొచ్చి నిన్ను పిలవవలసినది తమ్ముడూ" అన్నాడు. లోపలి నుండి వదినగారు టీ తెచ్చారు. ఆ 340 రూపాయలు ఏమయ్యాయో ఈనాటికీ నాకు తెలియదు. తరువాత నాలుగేండ్లకు ఆయన ప్రభువు నందు నిద్రించాడు. ఆ నాలుగేండ్ల కొరకు దేవుని స్తుతిస్తున్నాను. పోయిన ఎనిమిదేండ్లకు ఏమి చెప్పాలో నాకు తెలియదు.

కాబట్టి ఉత్తరము రాసిన సహోదరీ, నీ ప్రశ్నకు జవాబు ఇది. నీవు ఆమెతో కలిసి మోసిన పిడికెడు బియ్యపు సంచి, మరణమైన ఇంట మీరు కలిసి పాడిన పాట, అదే స్నేహము. స్నేహము లేకపోతే మూడు సంవత్సరాలుగా ఇంత బాధ ఉండదు. పరాయివారు మాట్లాడకపోతే ఎవరికీ నొప్పి ఉండదమ్మా.

ఏమి చేయాలి అంటావా? మొదట, మధ్యవర్తుల ద్వారా మాటలు పంపవద్దు. మార్ష్‌మన్‌గారి వలె నీవే వెళ్లు. రెండవది, ఎవరిది తప్పో తేల్చడానికి వెళ్లవద్దు. ఫిలిప్పీ స్త్రీల గొడవలో ఎవరిది తప్పో రెండు వేల సంవత్సరాలకు కూడా తేలలేదు! నీ వంతు తప్పు ఏదో అది మాత్రము ఒప్పుకో. మూడవది, పెద్ద మాటలతో కాకుండా చిన్న పనితో మొదలుపెట్టు. మీ సంఘములో జబ్బుపడిన వారి ఇంటికి నాతో వస్తావా అని అడుగు. ప్రక్కప్రక్కన నడిచి పుట్టిన స్నేహము మరల ప్రక్కప్రక్కన నడిస్తేనే లేస్తుంది.

ఆమె తలుపు తీయకపోతే? అది కూడా జరుగవచ్చు. పౌలు, బర్నబా మార్కు విషయములో తీవ్రముగా విభేదించి వేరై పోయారు. ఆ ఇద్దరూ మరల కలిసి ప్రయాణము చేసినట్టు వాక్యములో మనకు కనబడదు. కాని ఏ మార్కును వద్దన్నారో ఆ మార్కునే తన వెంట తీసుకొని రమ్మని, అతడు పరిచర్యకు ప్రయోజనకరమైనవాడని, పౌలుగారు చివరి పత్రికలో రాశారు. స్నేహము కొన్నిసార్లు పాత రూపములో తిరిగి రాదు. అయినా ద్వేషము పోయి గౌరవము రావచ్చు. నీవు వెళ్లిన ఆ ఒక్క అడుగు వ్యర్థము కాదు.

సంఘకాపరులారా, పెద్దలారా, మీకు కూడా ఒక మాట. పౌలుగారు ఆ ఇద్దరు స్త్రీలను వారి మానాన వదిలివేయలేదు. వారికి సహాయపడమని ఒక సహకారిని అడిగారు. మీ సంఘములో కుడి ప్రక్కన ఒకరు, ఎడమ ప్రక్కన ఒకరు కూర్చుంటున్నారని మీకు తెలుసు. తెలిసీ ఊరుకొనవద్దు. లెక్కల కొరకు కమిటీ సమావేశాలు పెడుతున్నాము. మనసులు సరిచేసుకొనుటకు నెలకొక సాయంత్రమైనా పెట్టలేమా? కేరీ, మార్ష్‌మన్, వార్డుగార్ల వంటివారికే అది అవసరమైతే, మనకు అవసరము లేదా?

వాక్యము ముగింపు చూడండి. యువొదియ, సుంటుకే అనువారితో పాటు క్లెమెంతును, మిగిలిన జతపనివారిని కూడా తలంచి, అట్టివారి పేర్లు జీవగ్రంథములో ఉన్నవని పౌలుగారు అంటున్నారు. ఒకే గ్రంథములో, బహుశా ఒకే పుటలో, ప్రక్కప్రక్కన! అక్కడ కలిసి ఉండబోయేవారము ఇక్కడ ఎంతకాలము వేరు వేరు బల్లల మీద కూర్చుంటాము?

ప్రార్థన చేద్దాము. పరలోకమందున్న మా తండ్రీ, నీ పనిలో మాకు తోడుగా నీవిచ్చిన సహోదరీ సహోదరుల కొరకు నీకు స్తోత్రములు. మేము నోటితో నొప్పించిన వారిని, మౌనముతో నొప్పించిన వారిని ఈ గడియలో మాకు జ్ఞాపకము చేయుము. వెళ్లుటకు మాకు కాళ్లు ఇమ్ము, ఒప్పుకొనుటకు నోరు ఇమ్ము, తలుపు తీయుటకు వారికి హృదయము ఇమ్ము. ఆలస్యము కాకమునుపే మమ్మును కలుపుము. క్రీస్తు యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.

ప్రియ శ్రోతలారా, ఈ వారము శనివారము రాకముందే మీ మనసులోనికి ఎవరి పేరు వచ్చిందో వారి ఇంటికి వెళ్లండి. వెళ్లి ఏమి జరిగిందో మాకు ఉత్తరము రాయండి. సమాధానకర్తయగు దేవుడు మీకందరికీ తోడైయుండును గాక. ఆమేన్.